మీ రిక్యూపరేటర్ మా ఆయిల్ ఫర్నేస్‌కి పనికిరాలేదు, నింద మా ఆపరేటర్ల మీద వేయకండి

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

మీ సర్వీస్ వాళ్లు పంపిన రిపోర్టు అందింది. ఫర్నేస్ పొగ వేడితో బర్నర్ గాలిని వేడిచేసే మీ రిక్యూపరేటర్ ట్యూబులు మూసుకుపోవడానికి కారణం మా ఆపరేటర్లు ఆయిల్‌కి తగ్గ గాలి ఇవ్వకపోవడమేనని, అందువల్ల మసి పట్టిందని ఒక్క లైన్లో తేల్చేశారు. ఆ లైన్ అబద్ధం. రాత్రనకా పగలనకా ఆ వేడిలో నిలబడి ఫర్నేస్ కాపాడేవాళ్ల మీద నింద వేసి చేతులు దులుపుకుంటామంటే నేను ఊరుకోను, అందుకే మీ సర్వీస్ వాళ్లకి కాకుండా నేరుగా మీకే రాస్తున్నాను.

మాది హైదరాబాద్ శివార్లలో చిన్న గాజు ఫ్యాక్టరీ, ఫర్నేస్ ఆయిల్ మీద నడిచే ట్యాంక్ ఫర్నేస్. మీ యూనిట్ రాకముందు 1,350 డిగ్రీల పొగ ఫర్నేస్ నుంచి నేరుగా చిమ్నీలోకి పోయేది, అంటే డబ్బు పెట్టి కొన్న ఆయిల్ వేడిలో సగానికి పైగా గాల్లో కలిసిపోయేది. ఆ పొగ వేడితో బర్నర్ గాలిని 600 డిగ్రీలకి తెస్తాం, ఆయిల్ ఖర్చు 25 శాతం తగ్గుతుంది అని మీ సేల్స్ ఆయన చెప్పారు. ఆ లెక్కలో తప్పేమీ లేదు, గాలి నిజంగా అంత వేడెక్కితే ఆయిల్ ఇంకా ఎక్కువే తగ్గాలి. నా గొడవంతా మీరు పంపిన సామాను గురించే. మొదట్లో గాలి 500 దాటింది, ఆయిల్ వాడకం కూడా కళ్లకు కనిపించేలా తగ్గింది, ఆ తర్వాత వారం వారం పడిపోతూ వచ్చి ఇప్పుడు 300 కూడా అందడం లేదు.

ట్యూబుల మీద పట్టింది మసి కాదు. క్లీనింగ్ డోర్ తీసి చూస్తే మొదటి వరసల మీద లేత పసుపు కలిసిన తెల్లటి పొర, సుత్తితో తడితే పెళ్లలు పెళ్లలుగా ఊడింది. ఒక పెళ్లని పొడి చేసి, గాజు గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి కలిపితే దాదాపు అంతా కరిగిపోయింది, అడుగున కాస్త గోధుమరంగు మడ్డి మాత్రం మిగిలింది. మసి అయితే నీళ్లలో కరగదు, నల్లగా పైకి తేలుతుంది. ఇదంతా మీ ఇంజనీర్ ముందే చేసి చూపించాం, ఆయన ఫోన్లో ఫోటోలు కూడా తీసుకున్నారు, మరి రిపోర్టులో ఒక్క ఫోటో కూడా ఎందుకు లేదో మీరే చెప్పాలి.

అది సోడియం సల్ఫేట్. గాజు కరిగేటప్పుడు బ్యాచ్‌లోని, అంటే ముడిసరుకుల మిశ్రమంలోని సోడా యాష్ నుంచి సోడియం ఆవిరవుతుంది, ఆయిల్‌లోని గంధకం మండి సల్ఫర్ ఆక్సైడ్లు అవుతుంది, రెండూ పొగలో కలిసి ఈ ఉప్పు తయారవుతుంది. పొగ బాగా వేడిగా ఉన్నంతసేపూ ఇది ఆవిరిగానే పోతుంది. చల్లారే కొద్దీ జిగురుగా మారి దొరికిన చోటల్లా అంటుకుంటుంది, 884 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మేం వాడే ఎంవీ2 (మీడియం విస్కాసిటీ) గ్రేడ్ ఫర్నేస్ ఆయిల్‌లో గంధకం 4 శాతం దాకా ఉండొచ్చని భారతీయ ప్రమాణమే ఒప్పుకుంటుంది. గాజు ఫర్నేస్‌లో పనిచేసిన ఎవరికైనా తెలిసిన సంగతి ఇది, గాజు పరిశ్రమకి రిక్యూపరేటర్లు అమ్మే కంపెనీకి తెలియకపోతే ఎలా?

తెలిసే ఉంటే మీరు రేడియేషన్ రకం ఇవ్వాలి. అందులో పొగ వెళ్లే దారి వెడల్పుగా, నున్నగా ఉంటుంది, ఉప్పు పట్టినా మూసుకుపోదు, పొగని చల్లార్చకుండానే లోపలికి పంపొచ్చు. మీరిచ్చింది దగ్గర దగ్గరగా ట్యూబులు పేర్చిన బండిల్. ఆ ట్యూబులు 1,350 డిగ్రీలకి ఆగవు కాబట్టి ముందు ఒక ఫ్యాన్ పెట్టి చల్లగాలి కలిపి పొగని 900కి దించుతున్నారు. ఆ మాత్రం దించాలంటే పొగ బరువులో సగానికి పైగా బరువు చల్లగాలి కలపాలి, లెక్క వేసి చూసుకోండి. వేడిని పట్టుకోవడానికి పెట్టిన యూనిట్ ముందే మీరు ఆ వేడిని పలచన చేస్తున్నారు, చిమ్నీ మీద అదనపు భారం వేస్తున్నారు, పైగా ఉప్పు సరిగ్గా జిగురుగా అంటుకునే వేడి దగ్గరే పొగని తెచ్చి ట్యూబుల మధ్యకి తోస్తున్నారు.

ఫిరోజాబాద్‌లో మీరు పెట్టిన యూనిట్ల ఫోటోలు చూపించి మాకు అమ్మారు. తాజ్‌మహల్ కాలుష్యం కేసులో 1996 డిసెంబర్ 30న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అక్కడి గాజు పరిశ్రమ సహజవాయువుకి మారింది. గ్యాస్ మంటలోనూ బ్యాచ్ నుంచి ఉప్పు వస్తుంది, కాదనను, కానీ ఆయిల్ తెచ్చే గంధకం, వనేడియం అనే లోహం అందులో ఉండవు. వనేడియం ఆక్సైడ్ 690 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, సోడియంతో కలిస్తే ఇంకా తక్కువలోనే కరిగి స్టెయిన్‌లెస్ స్టీల్ మీదుండే రక్షణ పొరని తినేస్తుంది. మా మొదటి వరస ట్యూబుల్లో కొన్ని వేలితో నొక్కితే పెంకులు రాలుతున్నాయి. గ్యాస్ ఫర్నేస్‌కి గీసిన డ్రాయింగ్ మీద మా ఫ్యాక్టరీ పేరు రాసి పంపితే అది ఆయిల్ ఫర్నేస్ డిజైన్ అయిపోదు.

స్టీల్ సంగతి ఇంకా ఘోరం. వేడి వైపు వరసలకి 310 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ అని మీ కొటేషన్‌లో స్పష్టంగా ఉంది. పెంకులు రాలడం చూసి అనుమానమొచ్చి ట్యూబ్ ముక్క కోసి ల్యాబ్‌కి పంపితే క్రోమియం 18, నికెల్ 8 శాతం అని వచ్చింది. అది 304. 310లో క్రోమియం 25, నికెల్ 20 ఉండాలి. ల్యాబ్ రిపోర్టు దీనితో జతచేస్తున్నాను. ఇది పొరపాటే అయితే రాసి ఒప్పుకోండి, కాకపోతే దీన్ని ఏమనాలో మీకూ తెలుసు.

ఇక బైపాస్, అంటే పొగని ట్యూబులకి తగలకుండా నేరుగా చిమ్నీకి పంపే పక్కదారి. ఆర్డర్‌కి ముందు మీటింగ్‌లో మేం అడిగిందే అది, ఖర్చు పెరుగుతుంది, అవసరం లేదు అని మీవాళ్లే తీసేయించారు. గాజు ఫర్నేస్ బల్బులాగా ఆర్పి వెలిగించేది కాదు. చల్లారిస్తే పైకప్పు సిలికా ఇటుకలు 250 డిగ్రీల ప్రాంతంలో ఒక్కసారిగా కొలత మారి పగుళ్లిస్తాయి. అందుకే ట్యూబులు శుభ్రం చేయాల్సి వచ్చిన ప్రతిసారీ మంట తగ్గించి, ఉత్పత్తి ఆపి, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని చేస్తున్నాం. కరెంటు పోతే మరీ టెన్షన్, గాలి బ్లోయర్, చల్లగాలి ఫ్యాన్ రెండూ ఆగిపోతాయి, ఎర్రగా కాలుతున్న ఫర్నేస్ వేడంతా చిమ్నీ లాగుడుకి ట్యూబుల మీదుగానే పోవాలి. ఆ యూనిట్‌కి సొంత బ్యాటరీ ఫ్యాన్ గాని, పొగ దారిని మూసి మళ్లించే డ్యాంపర్ గాని మీరు ఇవ్వలేదు.

దీని బాధ పడేది ఎవరో కూడా చెప్తాను. దారి మూసుకుపోయి చిమ్నీ లాగుడు తగ్గేసరికి ఫర్నేస్‌లో ఒత్తిడి పెరిగి, గొట్టంతో గాజు తీసే రంధ్రాల్లోంచి మంట నాలుకలు బయటికి వస్తున్నాయి. అక్కడ నిలబడి పనిచేసేవాళ్ల ముంజేతుల మీద వెంట్రుకలు మాడిపోతున్నాయి. రేకులు అడ్డుపెట్టి, షిఫ్టు మధ్యలో మనుషుల్ని మార్చి నెట్టుకొస్తున్నాం. ఇప్పటిదాకా పెద్ద ప్రమాదం జరగలేదు, జరిగేదాకా ఆగాలా?

గ్యారంటీ అడిగితే "శుభ్రమైన పొగకి మాత్రమే వర్తిస్తుంది" అని కొటేషన్ ఆఖరి పేజీలో సన్న అక్షరాల్లో ఉన్న మాట చూపిస్తున్నారు. ఆయిల్‌తో నడిచే గాజు ఫర్నేస్ అని మా ఎంక్వైరీ లెటర్ మొదటి వాక్యంలోనే ఉంది. ఆ పొగ శుభ్రంగా ఉండదని తెలిసే మీరు డబ్బు తీసుకున్నారు. సామాను దేనికోసమో అమ్మేవాడికి చెప్పి, అతని నైపుణ్యాన్ని నమ్మి కొన్నప్పుడు అది ఆ పనికి తగ్గట్టు ఉండాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. మా లాయర్ ఇదే చూపించారు.

కాబట్టి మేం అడిగేది ఇది. ఈ బండిల్ తీసేసి రేడియేషన్ రకం యూనిట్, డ్యాంపర్‌తో బైపాస్, కరెంటు పోయినా ఆగని ఫ్యాన్ మీ ఖర్చుతో పెట్టండి, స్టీల్ గ్రేడ్‌ని మేం చెప్పిన ల్యాబ్‌లో పరీక్షించాకే బిగించండి. అది మీ వల్ల కాదంటే యూనిట్ తీసుకుపోయి మేం కట్టిన డబ్బు వాపసు ఇవ్వండి. ఆపరేటర్ల మీద రాసిన ఆ లైన్ రద్దు చేస్తూ కొత్త రిపోర్టు ఇవ్వండి, ఫోటోలతో సహా. మేం ఆపిన 10 శాతం బాకీ కోసం మీ అకౌంట్స్ వాళ్లు పంపుతున్న రిమైండర్లు ఆపించండి, ఇది తేలేదాకా ఆ డబ్బు రాదు.

30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే కమర్షియల్ కోర్ట్స్ చట్టం ప్రకారం ముందు మధ్యవర్తిత్వానికి, అక్కడా తేలకపోతే కోర్టుకి వెళ్తాం. ఫోన్లు వద్దు, ఏం చెప్పాలన్నా కాగితం మీదే చెప్పండి. మీ డిజైన్ ఇంజనీర్‌ని పంపిస్తానంటే మాత్రం ఎప్పుడైనా సరే, క్లీనింగ్ డోర్ తీసి చూపిస్తాం.

ఇట్లు,
ఫర్నేస్ ఇన్‌చార్జ్

జతచేసినవి: ల్యాబ్ రిపోర్టు, ట్యూబుల ఫోటోలు, గాలి ఉష్ణోగ్రత లాగ్ షీట్లు, మా ఎంక్వైరీ లెటర్ కాపీ