బార్లో ఆర్డర్ ఇవ్వడానికీ ఓ పద్ధతుంది

సంపాదకుడి గారికి,

డ్రంకెన్ డ్రైవ్ తనిఖీల మీద, ఎక్సైజ్ ఆదాయం మీద పత్రికల్లో తరచూ వార్తలు వస్తుంటాయి. తాగి బయటికొచ్చినవాడు ఎలా ఉండాలో చెప్పేవాళ్లకు కొదవ లేదు. లోపల కూర్చున్నప్పుడు ఎలా ఉండాలో మాత్రం ఎవరూ మాట్లాడరు. తాగడం తప్పా ఒప్పా అన్న జోలికి నేను పోవడం లేదు. బార్లలో పనిచేసే సప్లయర్ల గురించే ఈ ఉత్తరం.

హైదరాబాద్‌లో ఏ మామూలు బార్‌కైనా రాత్రి ఎనిమిదింటికి వెళ్లి చూడండి. ఏడెనిమిది టేబుళ్లకు ఒక్కడే తిరుగుతుంటాడు. ఒకరు చిటికె వేస్తారు, ఇంకొకరు స్పూనుతో గ్లాసు మోగిస్తారు. తండ్రి వయసున్న మనిషిని "అరే, ఇటు రా" అని పిలిచే కుర్రాళ్లూ ఉన్నారు. "అన్నా" అనో "భాయ్" అనో అంటే పోయేదేముంది? పక్క టేబుల్‌కు పెగ్గు కొలుస్తుంటే కాస్త ఆగి, మనవైపు చూసినప్పుడు చెయ్యెత్తితే చాలు, వస్తాడు.

ఏం కావాలో తేల్చుకోకుండా పిలవడం ఇంకో తలనొప్పి. అతను వచ్చి నిలబడ్డాక "నువ్వు చెప్పు", "కాదు, నువ్వే చెప్పు" మొదలవుతుంది. మందు తెచ్చాక సోడా గుర్తొస్తుంది, సోడా తెచ్చాక ఐసు, ఐసు తెచ్చాక నిమ్మకాయ. స్మాలో లార్జో, అంటే 30 ఎంఎల్లో 60 ఎంఎల్లో ముందే చెప్పరు. ఊరికే "రిపీట్" అనేసి, తీరా పోశాక బ్రాండ్ ఇది కాదంటారు. పోసిన పెగ్గును మళ్లీ సీసాలోకి ఒంపలేరు కదా, ఆ నష్టం చివరికి ఎవరి నెత్తిన పడుతుందో ఊహించడం కష్టం కాదు. కొలత మీద అనుమానముంటే కళ్లెదుటే కొలిచి పొయ్యమని అడగొచ్చు. అందుకు బార్ మొత్తం వినిపించేలా అరవక్కర్లేదు.

21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదని మన రెండు రాష్ట్రాల్లోనూ చట్టముంది. ఆ మాట చెప్పి కార్డు చూపించమంటే "నేనెవరో తెలుసా" అని మీదికొస్తారు. అమ్మితే ఓనర్ లైసెన్సుకు ఎసరు, అమ్మనంటే ఇతనికి తిట్లు. మూసే వేళకు "లాస్ట్ ఆర్డర్ సార్" అన్నా ఇదే గొడవ. ఆ టైము పెట్టింది ప్రభుత్వం, సప్లయర్ కాదు.

బిల్లులో దానంతటదే వచ్చిపడే సర్వీస్ ఛార్జి వద్దనే హక్కు మనకుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది కూడా. నిరభ్యంతరంగా తీసేయించుకోండి. కానీ సర్వీస్ ఛార్జి మీద అరగంట వాదించి గెలిచినవాళ్లు టిప్పు పెట్టకుండా లేచిపోవడం నాకు మింగుడుపడదు. బాగా చూసుకున్న మనిషికి ఎంతో కొంత చేతికివ్వాలి.

లాస్ట్ ఆర్డర్ ఎన్నింటికో, వయసు నిబంధన ఏమిటో ధరల పట్టిక పక్కనే పెద్ద తెలుగు అక్షరాల్లో రాసిపెట్టమని ఎక్సైజ్ శాఖ బార్ల యజమానులను ఆదేశించాలి. అప్పుడు సప్లయర్ వాదించక్కర్లేదు, బోర్డు చూపిస్తే సరిపోతుంది.

- ఒక పాఠకుడు, హైదరాబాద్