హమ్ పోవాలని ఎర్త్ తీగ కోయకండి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లోనే ఆంప్లిఫయర్ తయారు చేసుకోవడం గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం మొదటినుంచి చివరిదాకా చదివాను. సోల్డరింగ్ ఐరన్ చేతబట్టి, తాను కట్టిన పెట్టెలోంచి మొదటిసారి పాట వినడంలో ఉన్న ఆనందం నాకు బాగా తెలుసు. ఆడియో పరికరాల మరమ్మతులోనే నా జీవితం చాలావరకు గడిచింది. అందుకే ఆ వ్యాసం వేసినందుకు సంతోషించాను. కానీ చివరి పేరాలో, స్పీకర్లలో హమ్, అంటే గుయ్‌మనే మోత వస్తుంటే ప్లగ్గులో ఎర్త్ కనెక్షన్ తీసేసి చూడమని రాశారు. ఆ ఒక్క వాక్యం ప్రాణాలు తీయగలదు. దాన్ని దయచేసి వెనక్కు తీసుకోండి.

నెల కిందట ఒక ఇంజనీరింగ్ విద్యార్థి తాను కట్టుకున్న ఆంప్లిఫయర్ నా దగ్గరికి తెచ్చాడు. ఎడమ ఛానల్ పలకడం లేదన్నాడు. అల్యూమినియం పెట్టె, నున్నటి ముందు పలక, గీత గీసినట్టు ఒకే వరుసలో నాబ్‌లు. పైమూత విప్పితే బోర్డు మీద టంకాలు కూడా ముచ్చటగా ఉన్నాయి. వెనక పవర్ సాకెట్ దగ్గర మాత్రం ఆకుపచ్చ, పసుపు చారల తీగను కోసేసి, కొసకు నల్ల టేపు చుట్టాడు. స్విచ్చికి వెళ్లే గోధుమరంగు ఫేజు తీగ రేకుకు చేసిన రంధ్రంలోంచి వంగి వెళ్తోంది. రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు వలయం, అదే గ్రోమెట్, లేదు. ఆ తీగను వేలితో కాస్త పైకెత్తి చూశాను. అంచు ఒరుసుకున్న చోట పైపొర కోసుకుపోయి, లోపలి రాగి సన్నగా మెరుస్తోంది. ఇంకొన్నాళ్లు అలాగే అదురుతూ ఉంటే ఆ రాగి రేకుకు తగిలేది. పెట్టె ఒంటినిండా 230 వోల్టులు పాకేవి. ఆంప్లిఫయర్ మాత్రం ఏమీ జరగనట్టు పాడుతూనే ఉండేది. అన్నిటికంటే భయపెట్టే సంగతి అదే.

"ఎర్త్ ఎందుకు కోశావు బాబూ?" అని అడిగాను.

"హమ్ వచ్చింది మాస్టారూ. కోస్తే పోయింది" అన్నాడు.

అతను చెప్పింది నిజమే. కోస్తే చాలాసార్లు హమ్ పోతుంది. అందుకే ఈ చిట్కా ఒకరి నుంచి ఒకరికి ఇంతగా పాకింది.

మామూలు రోజుల్లో ఎర్త్ తీగలో కరెంటు దాదాపు ఉండదు. అందుకే అది దండగ తీగలా కనిపిస్తుంది. లోపల ఫేజు ఊడి పెట్టెకు తగిలిన రోజే దానికి పని పడుతుంది. ఎర్త్ మార్గం గట్టిగా ఉండి, దారి మొత్తం నిరోధం ఒక ఓమ్ అనుకుంటే, 230 ఆంపియర్లు ఒక్కసారిగా దూకుతాయి. ఫ్యూజు కన్ను మూసి తెరిచేలోగా ఎగిరిపోతుంది, పెట్టెలోకి వచ్చిన కరెంటు ఆగిపోతుంది. ఆ తీగే లేకపోతే ఫేజు అలా కాచుకుని కూర్చుంటుంది, ఎవరి చెయ్యి తగులుతుందా అని. చెమట పట్టిన శరీరం నిరోధం వెయ్యి ఓముల దాకా పడిపోవచ్చు. అప్పుడు మనిషిలోంచి పోయేది సుమారు 230 మిల్లీఆంపియర్లు. దాదాపు 10 మిల్లీఆంపియర్లకే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నది వదల్లేని స్థితి వస్తుంది. మనుషుల ప్రాణరక్షణకు పెట్టే లీకేజీ బ్రేకర్లను 30 మిల్లీఆంపియర్లకే తెగేలా చేస్తారంటే 230 ఎంత ఎక్కువో గ్రహించవచ్చు. ఆంప్లిఫయర్‌లోని రెండు ఆంపియర్ల ఫ్యూజుకు మాత్రం ఆ 230 ఒక లెక్కే కాదు. మనిషి విలవిల్లాడుతున్నా అది తెగదు.

సంగీతం వాయించేవారికి ప్రమాదం ఇంకా ఎక్కువ. ఒక చేతిలో గిటారు తీగలు, మరో చేతిలో మైకు. రెండూ వేర్వేరు పరికరాలకు కలిపి ఉంటాయి. ఒకదానికి ఎర్త్ ఉండి మరొకదాని పెట్టెలోకి ఫేజు వస్తే, కరెంటు చేతినుంచి చేతికి, గుండె మీదుగా పోతుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ, ఎర్త్ సరిగా లేని మైకును తాకి వేదిక మీదే కుప్పకూలి చనిపోయాడు. 1976లో యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ తన ఇంట్లో, ఎర్త్ సరిగా లేని గిటారు వాయిస్తూ ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇద్దరూ రోజూ ఆ పరికరాలతోనే బతికినవారు.

మరి హమ్ సంగతి ఏమిటి? రెండు పరికరాలకూ గోడ సాకెట్ ద్వారా ఎర్త్ ఉంటుంది. వాటి మధ్య సిగ్నల్ కేబుల్ పైఅల్లిక కూడా రెండింటినీ కలుపుతుంది. దాంతో తీగల గొలుసు ఒకటి మూసుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రం ఆ గొలుసులో చిన్న కరెంటును పుట్టిస్తుంది. అది కేబుల్ అల్లికలో పారినప్పుడు వచ్చే కొద్దిపాటి వోల్టేజీ పాటతో కలిసి స్పీకర్ దాకా వస్తుంది. తప్పు సిగ్నల్ తీగల్లో ఉంది, దిద్దవలసిందీ అక్కడే. ఎర్త్ కోస్తే గొలుసు తెగుతుంది, నిజమే. దానితోపాటు రక్షణ కూడా తెగుతుంది.

ముందు రోగం ఎక్కడుందో చూడాలి. ఇన్‌పుట్ కేబుళ్లన్నీ పీకేసి వినండి. అప్పటికీ హమ్ ఉంటే తప్పు పెట్టె లోపల ఉంది. కేబుల్ పెట్టగానే మొదలైతే అది ఎర్త్ గొలుసు కావచ్చు. ధ్వని నున్నగా, మంద్రంగా ఉంటే సాధారణంగా మెయిన్స్ ఫ్రీక్వెన్సీ, అంటే 50 లేదా 60 హెర్ట్జ్. గరగరమంటూ ఉంటే దానికి రెట్టింపు. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ నుంచి, విద్యుత్తును నిల్వచేసే పెద్ద కెపాసిటర్లలోకి విడతలుగా దూకే కరెంటు సిగ్నల్ గ్రౌండ్ తీగలోకి, అంటే పాట సిగ్నల్ తిరిగి వెళ్లే తీగలోకి చొరబడుతోందన్నమాట. అప్పుడు ఆ గ్రౌండ్ తీగలను ఎక్కడ కలిపారో చూసుకోవాలి.

ఆ విద్యార్థి పెట్టెలో ఇన్‌పుట్ సాకెట్ల లోహపు వలయాలు నేరుగా రేకుకు బిగించి ఉన్నాయి. బోర్డు గ్రౌండ్ మరో తీగతో మరో మూల రేకుకు తగులుతోంది. అంటే గొలుసు పెట్టెలోపలే ఉంది. సాకెట్ల కింద ఇన్సులేషన్ వాషర్లు వేశాం. సిగ్నల్ గ్రౌండ్లన్నీ ఒకే చోటికి తెచ్చాం. అక్కడినుంచి పెట్టెకు 10 ఓముల రెసిస్టరు, దానికి సమాంతరంగా రెండు దిశల్లోనూ కరెంటు పోయేలా కలిపిన 35 ఆంపియర్ల బ్రిడ్జి రెక్టిఫయర్ పెట్టాం. గొలుసులో తిరిగే చిన్న కరెంటును రెసిస్టరు అణచివేస్తుంది. పెద్ద ప్రమాదం వస్తే బ్రిడ్జి రెక్టిఫయర్‌లోని డయోడ్లు తెరుచుకుని, ఫ్యూజు ఎగిరేంత కరెంటుకు దారి ఇస్తాయి. ఒక ఆంపియర్ చిన్న డయోడ్లు అక్కడ నిలవవు, ఫ్యూజు కంటే ముందే కాలిపోతాయి. ఇదంతా సిగ్నల్ గ్రౌండుకూ పెట్టెకూ మధ్య మాత్రమే. పెట్టెకూ ఎర్త్ తీగకూ మధ్య ఏ రెసిస్టరూ, ఏ డయోడూ, ఏ స్విచ్చీ ఉండకూడదు. కోసిన ఎర్త్ తీగ స్థానంలో కొత్తది వేసి బిగించాక ఆంప్లిఫయర్ ఆన్ చేశాం. స్పీకర్‌కు చెవి ఆనించినా హమ్ లేదు. ఎడమ ఛానల్‌లో ఊడింది ఒక్క తీగే, అది అతికించడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఎర్త్ తీగను పెట్టెకు బిగించే బోల్టు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే వ్యాసాల్లో దాని ఊసే ఉండదు. ఎర్త్ తీగకు విడిగా ఒక బోల్టు కావాలి. ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టే బోల్టుకో, మూత స్క్రూకో తగిలించకూడదు. ఎవరో ఏదో పనికి దాన్ని విప్పుతారు, మళ్లీ బిగించడం మరిచిపోతారు. బోల్టు చుట్టూ రంగు గీకి మెరిసే లోహం కనబడాలి. అల్యూమినియానికి రంగుపూత లాంటి ఆనొడైజింగ్ ఉంటే అది కూడా గీకాలి, అది కరెంటును పోనివ్వదు. తీగ కొసకు నొక్కి బిగించిన రింగు టెర్మినల్, దాని కింద పళ్ల వాషరు, పైన రెండో నట్టు. పెట్టెలోపల ఎర్త్ తీగను ఫేజు, న్యూట్రల్ తీగలకంటే కాస్త పొడుగ్గా వదలాలి. ఎవరైనా కేబుల్‌ను గుంజినా అన్నిటికంటే చివర ఊడేది ఎర్త్ కావాలి. స్క్రూ టెర్మినల్‌లో బిగించే తీగ కొసకు టంకం పూయడం చాలామందికి అలవాటు. ఆ అలవాటు మానుకోవాలి. ఒత్తిడికి టంకం మెల్లగా అణిగి స్క్రూ వదులవుతుంది. ఫ్యూజు ఫేజు తీగలోనే ఉండాలి, సాకెట్ తర్వాత మొట్టమొదట అదే రావాలి.

ఫ్యాక్టరీ పరికరాలు కొన్ని రెండు పిన్నులతోనే వస్తాయి కదా అని కొందరు వాదిస్తారు. వాటి మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటుంది. లోపలి ప్రతి తీగకూ, ట్రాన్స్‌ఫార్మర్‌కూ రెండంచెల ఇన్సులేషన్ ఉందని, దాన్ని పరీక్షించారని ఆ గుర్తుకు అర్థం. వంటింటి బల్ల మీద డ్రిల్లుతో రంధ్రాలు పొడిచిన లోహపు పెట్టెకు ఆ మినహాయింపు లేదు.

ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాల్వులతో పనిచేసే ఆంప్లిఫయర్ల జోలికి వెళ్లేవారికి ఇంకొక ప్రమాదం ఉంది. ప్లగ్గు పీకినా వాటి కెపాసిటర్లలో వోల్టేజీ నిలిచి ఉంటుంది. 450 వోల్టుల దగ్గర 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లో సుమారు 10 జౌళ్ల శక్తి ఉంటుంది. దానికి అడ్డంగా 220 కిలోఓముల, మూడు వాట్ల రెసిస్టరును శాశ్వతంగా పెడితే రెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఆ తర్వాత కూడా మీటరు పెట్టి సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. కట్టిన పరికరాన్ని మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 60 వాట్ల ఫిలమెంట్ బల్బును కరెంటు వచ్చే దారిలో వరుసగా (సిరీస్‌లో) పెట్టడం పాత మెకానిక్‌లందరికీ తెలిసిన పద్ధతి. లోపల షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, పరికరం కాలిపోదు.

మీకు నా విన్నపం ఇది. పత్రికల్లో వచ్చే సర్క్యూట్ బొమ్మల్లో సిగ్నల్ దారి అంగుళం అంగుళం ఉంటుంది. మెయిన్స్ వైపు మాత్రం ఒక చిన్న గడి గీసి, అందులో 230 వోల్టులని రాసి వదిలేస్తారు. కొత్తవాడికి ఎక్కువ చెప్పవలసింది ఆ గడి గురించే. ఇకమీద మీరు వేసే ప్రతి బొమ్మలోనూ ఫ్యూజు, స్విచ్చి, ఎర్త్ బోల్టు, తీగ మందం చూపించండి. గోడ సాకెట్‌లో మూడో రంధ్రానికి నిజంగా ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించుకోమని కూడా రాయండి. ఎర్త్ తీసేయమన్న సలహాకు సవరణను వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే పరిమాణపు అక్షరాల్లో వేయండి. వ్యాసం చదివి ఇప్పటికే తీగ కోసినవారు ఉండవచ్చు, ఆ సవరణ వారి కంట పడాలి. పవర్ సాకెట్ నుంచి ఎర్త్ బోల్టు దాకా తీగలు ఎలా వెళ్లాలో చూపే బొమ్మ ఒకటి గీసి ఈ లేఖకు జతచేశాను. వాడుకోండి, నా పేరు అక్కర్లేదు.

ఇట్లు,
ఆడియో పరికరాల మరమ్మతు చేసే ఒక పాఠకుడు