అమ్మలూ, ఫోనెత్తవేం?

అమ్మలూకి నాన్న దీవించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. కాలవకి నీళ్ళొదిలారు, మావయ్య నాట్లు మొదలెట్టాడు. కొబ్బరికాయ ధర సంగతి అడక్కు. ఊరికే రాస్తున్నాను, ప్రత్యేకంగా ఏమీ లేదు.

మొన్న రావులపాలెం సెంటర్లో బుల్లబ్బాయి కనపడ్డాడు. భీమవరంలో నీ కథ ప్రోగ్రాం చూశాడట. మధ్యలో నీ గొంతు పోయిందనీ, నీళ్ళు తాగినా పలక్క స్టేజీ దిగిపోయావనీ అన్నాడు. వాడి మాటల్లో సగం గాలే కాబట్టి నేను నమ్మలేదు. మీ అమ్మకి చెప్పలేదు, అయినా తెలిసిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ పంపుతావు. అదేం జవాబే?

పెద్దత్త మనవడికి బారసాల చేశారు. నువ్వు రాలేదని అందరూ అడిగారు. ప్రోగ్రాములున్నాయని చెప్పాను. ఉన్నాయా?

బుర్రకథలో నడుమ కథకుడు, అటూ ఇటూ వంత పాడే ఇద్దరు, వాళ్ళే వంతలు. కథకుడికి ఊపిరందనప్పుడు హాస్యం వంత ఓ జోకేస్తాడు, రాజకీయం వంత ఊళ్ళో గొడవ ఎత్తుతాడు. ఆ కాసేపూ గొంతుకి విశ్రాంతి. బుర్రకథ చెప్పే నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది. అంతటాయన పక్కనా వంతలున్నారు. నీకేమో తంబురా నువ్వే, పాటా మాటా నువ్వే.

అంతర్వేది తీర్థం కథ మళ్ళీ చెప్తాను, విసుక్కోకు. వంతలిద్దరూ నరసాపురం నుంచి రావాలి. గోదారి దాటించే ఆఖరి పంటు తప్పిపోయింది. ఇవతలి ఒడ్డున నేనొక్కణ్ణే. జనం అప్పటికే చాపలేసుకుని కూచున్నారు, కమిటీవాళ్ళేమో బయానా వెనక్కిమ్మంటున్నారు. సరే అని వేళ్ళకి అందెలు తొడుక్కుని బొబ్బిలి కథ ఎత్తుకున్నాను. 1757 నాటి యుద్ధం, రెండు పక్షాలూ నేనే. ఫ్రెంచి బుస్సీనీ నేనే, బొబ్బిలి పాపారాయుణ్ణీ నేనే. "తర్వాతేమైంది?" అని అడగాల్సినవాడు నదికి అవతల ఉన్నాడు. నేనే అడిగి నేనే చెప్పుకుంటుంటే, ముందు వరసలో చుట్ట కాలుస్తున్న ముసలమ్మ "తందాన తాన" అని అందుకుంది. దాంతో పందిరంతా అందుకుంది. ఆ రాత్రంతా ఊరే నాకు వంత. తెల్లారేసరికి నాకు టీ కావాలని అడగడానికి గొంతు లేదు. ఇంటికొచ్చాక చాలా రోజులు నీ పలక లాక్కుని రాసి మాట్లాడాను, నువ్వు పలకకోసం ఏడ్చేదానివి. 1996 తుఫానుకి కొబ్బరిచెట్లు పడిపోయి, తీర్థాల్లో కథలు పెట్టించేవాళ్ళే కరువయ్యారు. ఓ వంత హైదరాబాద్ వాచ్‌మన్‌గా పోయాడు, ఇంకొకడు గల్ఫ్. అప్పట్నుంచీ నేనూ ఒంటరినే.

అందుకని చెప్తున్నాను, పల్లవి జనంచేత అనిపించు. వాళ్ళు పాడేటప్పుడు నువ్వు కూడా పాడకు, ఊరుకో. బయానా సగం ముందే తీసుకో. ఒక ఊళ్ళో నాకు డబ్బుకి బదులు శాలువా కప్పి పంపారు, దాన్ని మీ అమ్మ బియ్యం డబ్బా మీద కప్పింది. బస్సులో కిటికీ పక్కన కూచోకు. ఐస్ నీళ్ళు తాగకు. అప్పుడప్పుడూ వేడినీళ్ళు తాగు. లెక్చర్ కాదు ఇది.

గొంతు నిజంగా పోయుంటే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి చూపించు. మిరియాల కషాయంతో సరిపెట్టకు. మీ అమ్మ కషాయమే చాలంటుంది, వినకు. డాక్టరు మాట్లాడొద్దంటే మాట్లాడకు. అప్పుడు ఫోనెత్తకపోయినా ఏమీ అనుకోను, కానీ బొటనవేలు కాకుండా నాలుగు ముక్కలు రాయి.

మంగళవారం బుల్లబ్బాయి హైదరాబాద్ వస్తున్నాడు. కరక్కాయ, పటికబెల్లం, ఆత్రేయపురం పూతరేకులు పంపుతున్నాను. పూతరేకులు నీక్కాదు, పక్కింటివాళ్ళకి. నీకు గొంతు బాగయ్యాక. స్టీలు డబ్బా మీ పిన్నిది, వాడిచేతే తిరిగి పంపు.

నాన్న