దౌలతాబాద్ కోట చూపించని మీ యాత్ర గురించి నాలుగో ఉత్తరం

మేనేజర్ గారికి,

నల్లగొండ నుంచి ఒక రిటైర్డ్ సోషల్ టీచర్ రాస్తున్న ఉత్తరం. ముందు రాసిన మూడింటికీ మీ దగ్గర్నుంచి ఒక్క ముక్క జవాబు రాలేదు.

ఎల్లోరా యాత్రకు నేను డబ్బు కట్టిందే దౌలతాబాద్ కోట కోసం. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ పడిపోతే, ఔరంగజేబు మన తానీషాను బంధించింది ఆ కొండకోటలోని చీనీ మహల్‌లోనే. 1699లో చనిపోయేదాకా ఆయన ఖైదీయే. సర్కారు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించాడని గోపన్నను చెరలో వేయించిన రాజుకు చివరికి అదే గతి పట్టిందని 30 ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పాను. రామదాసు చెరలో ఉన్నది 12 ఏళ్లని మనవాళ్లు చెప్పుకుంటారు. తానీషా ఉన్నదీ సుమారు అంతే. ఆ మహల్ గోడల మీద మిగిలిన నీలి పలకలు ఒక్కసారి కళ్లారా చూద్దామనుకున్నాను.

పొద్దుగూకే వేళకు బస్సు ఆపి "ఇరవై నిమిషాలే" అన్నాడు మీ గైడు. మా ఆవిడ మోకాళ్లు పట్టుకుంటూ చాంద్ మినార్ దాకా వచ్చిందో లేదో, కింద హారన్ మొదలైంది. ఇంకాస్త నడిస్తే చీనీ మహల్. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగాం.

బస్సు ఆలస్యమైతే అర్థం చేసుకుంటాను. కానీ ఆ తర్వాత మీరు నన్ను తిప్పిన తిప్పలు మర్చిపోలేను. మొదట ఫోనెత్తిన అమ్మాయి రెండు రోజుల్లో చేస్తామంది, చేయలేదు. తర్వాతి అబ్బాయి ఆ కోట ప్యాకేజీలోనే లేదన్నాడు. రసీదు వెనక అచ్చు వేసింది చదివి వినిపిస్తుంటే మధ్యలోనే ఫోన్ పెట్టేశాడు. మూడో ఆయన "కోటే కదా సార్, గోల్కొండ చూపిస్తాం" అన్నాడు. ఆ మాటకు నాకు నోట మాట రాలేదు. క్లాక్ టవర్ దగ్గర మీ ఆఫీసుకు స్వయంగా వస్తే, సార్ వస్తున్నారు కూర్చోండన్నారు. రెండు గంటలు కూర్చున్నాక షట్టర్ సగం దించి, రేపు రమ్మన్నారు.

కాశీ, రామేశ్వరం, పూరీ అన్నీ మీ బస్సుల్లోనే తిరిగాం. మా కాలనీ వాళ్లనూ మీ దగ్గరికే పంపాను. వాళ్లకిప్పుడు నేనేం చెప్పాలి?

మళ్లీ తీసుకెళ్తారో, డబ్బు తిరిగిస్తారో మీ ఇష్టం. ముందు మీరే ఫోన్ చేసి మాట్లాడండి. ఈ నెలాఖరులోగా ఫోన్ రాకపోతే రసీదు, నాలుగు ఉత్తరాల నకళ్లు పట్టుకుని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
మీ పాత ప్రయాణికుడు