తజికిస్తాన్‌లో అణచివేతకు తీవ్రవాదం సాకు

మత తీవ్రవాదాన్ని అణచే పేరుతో మధ్య ఆసియా దేశమైన తజికిస్తాన్ ప్రభుత్వం మామూలు ముస్లింలనే అనుమానితుల్లా చూస్తోంది, దీనితో భద్రత పెరగదు. 2024 మార్చిలో మాస్కో క్రోకస్ సిటీ హాల్‌పై దాడిలో 140 మందికి పైగా చనిపోయారు, కాల్పుల నిందితులు తజిక్‌లు. అప్పుడు మన టీవీలు, పత్రికలు ఆ దాడి తమదేనన్న ఐసిస్ గురించి రోజుల తరబడి చెప్పాయి గానీ, 1992 నుంచి గద్దె దిగని తజికిస్తాన్ అధ్యక్షుడు ఎమోమాలి రహ్మాన్ పాలన గురించి నాకు కనిపించింది చాలా తక్కువ. ఆ దేశంలో అంతర్యుద్ధాన్ని ముగించిన 1997 ఒప్పందంలో ప్రతిపక్షానికి 30 శాతం పదవులిస్తామన్నారు. ఆ ప్రతిపక్షంలో ముఖ్యమైన, ఎన్నికల్లో గెలిచి పార్లమెంటులో కూర్చున్న ఇస్లామిక్ పునరుజ్జీవన పార్టీని 2015లో ఉగ్రవాద సంస్థగా ముద్రవేసి నాయకుల్ని జైల్లో పెట్టారు. 18 ఏళ్లలోపు పిల్లల్ని మసీదు ప్రార్థనలకు రానివ్వరు, 2024లో హిజాబ్ మీద కూడా పడ్డారు. బయట మాట్లాడే దారులన్నీ మూసేస్తే, రష్యాకు కూలికెళ్లిన కుర్రాడు ఫోన్‌లో రహస్యంగా దొరికే ప్రచారమే వింటాడు, అది ఎవరికైనా అర్థమవుతుంది. మధ్య ఆసియా దేశాల జాతీయ భద్రతా సలహాదారులతో 2022 డిసెంబరులో ఢిల్లీలో సమావేశం పెట్టిన మన ప్రభుత్వం, ఇలాంటి వేదికల మీద ఉగ్రవాదంతో పాటు రాజకీయ ఖైదీల విడుదల గురించీ గట్టిగా అడగాలి.