వన్‌టౌన్ చిన్న కొట్లను నిలబెట్టాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. విజయవాడ పాత పట్టణమైన వన్‌టౌన్‌లోని టోకు వ్యాపారం చాలావరకు నగర శివారు గొల్లపూడిలోని టోకు మార్కెట్ కాంప్లెక్స్‌కు తరలిన తరువాత లారీల రద్దీ తగ్గి మా వీధులకు ఊపిరాడిన మాట నిజమే. అయితే ఆ లారీలతోపాటు పల్లెల నుంచి సరుకు కోసం వచ్చే చిల్లర వర్తకులు, గుమస్తాలు, ముఠా కూలీలు కూడా ఇటు రావడం తగ్గించడంతో, వారినే నమ్ముకున్న టీ కొట్లకు, భోజన హోటళ్లకు, మరమ్మతు దుకాణాలకు బేరాలు పడిపోయాయి. మిగిలిన కొనుగోలుదారులను బందరు రోడ్డు మాల్స్, నిమిషాల్లో సరుకు తెచ్చే ఫోన్ యాప్‌లు పంచుకుంటున్నాయి.

పాత పట్టణాన్ని బాగుచేయడమంటే గోడలకు రంగులు, కూడళ్లలో దీపాలు అనే ఆలోచన ఒకటి స్థిరపడింది. కొట్టు తెరిచి ఉంటేనే వీధిలో మనుషులు తిరుగుతారు కనుక, ఖర్చు పెట్టవలసింది ముందు అక్కడ. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి చిట్టినగర్ వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు యాప్‌లు ఆర్డర్లు తీసుకోలేదు. మా సందు చివరి పచారీ కొట్టు యజమాని మాత్రం తన సరుకు సగం తడిసినా, మిగిలిన బియ్యం, కొవ్వొత్తులు, పాల పొడి డబ్బు అడగకుండా ఇచ్చి పద్దు రాసుకున్నారు. ఆయన పుస్తకంలో మా ఇంటిపేర్లు ఉండవు. ‘మూలింటి మామ్మ’, ‘మేడమీద మాస్టారు’ అని ఉంటుంది. ఎవరి ఇంట్లో చంటిపిల్ల ఉందో, ఎవరు ఒంటరిగా ఉంటున్నారో తెలిసిన మనిషి వీధికి ఎంత అవసరమో ఆ వారం రోజుల్లో అందరం చూశాం.

దసరాకు ఇంద్రకీలాద్రికి లక్షలాది భక్తులు వస్తారు. కొండ దిగినవారిలో ఎక్కువమంది నేరుగా బస్సులకో రైళ్లకో వెళ్లిపోతారు తప్ప, నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో శివాలయం వీధి, సామారంగం చౌక్, కాళేశ్వరరావు మార్కెట్ ఉన్నాయని వారికి చెప్పే బోర్డు కూడా సరిగా కనిపించదు. పెళ్లి సామాన్లకు, చీరలకు పొద్దున్నే పల్లె నుంచి వచ్చే ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి దొరకకపోతే వాళ్లు మాల్‌కే వెళతారు, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు తీరవలసిన లోటు ఇదే. సరుకు దింపడానికి తెల్లవారుజాము వేళలు నిర్ణయించి, సాయంత్రం కొన్ని గంటలు ఇరుకు వీధుల్లోకి వాహనాలను ఆపడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

ఆంధ్రప్రదేశ్ తొలి శాసనసభాపతి అయ్యదేవర కాళేశ్వరరావు గారి పేరు మోస్తున్న మార్కెట్‌లో మురుగు కాలువలు, పైకప్పులు బాగుండాలని కోరడం అత్యాశ కాదు. పూలు, పండ్లు అమ్మే తోపుడు బండ్లవారి విషయంలో 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం స్పష్టంగా ఉంది: వీధి వ్యాపారాల సంగతులు చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం నలభై శాతం మంది వారి ప్రతినిధులే ఉండాలి. పండుగ వచ్చిందంటే బండ్లు తొలగించే ముందు ఆ కమిటీని కూర్చోబెట్టి మాట్లాడాలి.

వ్యాపారులు కూడా ధరలు కనబడేలా రాయాలి, అడగకుండానే బిల్లు ఇవ్వాలి, గడువు దాటిన సరుకును అలమరలో ఉంచకూడదు. ఇక స్థానికులమైన మనం, యాప్‌లను పూర్తిగా మానలేకపోయినా, నెలవారీ వెచ్చాలలో సగమైనా సందు చివరి కొట్లో తీసుకోవచ్చు.

వచ్చే దసరా ఏర్పాట్ల సమావేశాలకు నగరపాలక సంస్థ, దేవస్థానం అధికారులు వన్‌టౌన్ చిన్న వర్తకులను, తోపుడు బండ్లవారిని కూడా పిలిచి, మరుగుదొడ్లు, దారి సూచికలు, వాహనాల వేళల గురించి అక్కడే నిర్ణయం తీసుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– వన్‌టౌన్ నివాసి, విజయవాడ