మహిళా విభాగం వార్షిక నివేదిక: బరువు, గర్భసంచి క్యాన్సర్‌పై మన చర్చలు

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గుల పోటీ, పిల్లల వేసవి శిబిరం, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫొటోలు నోటీసు బోర్డులో ఉన్నాయి, జమాఖర్చులు కోశాధికారిగారి నివేదికలో ఉన్నాయి. నేను మాత్రం ఈసారి ఎక్కువ చోటు ఆరోగ్య సమావేశాలకే తీసుకుంటున్నాను. ఊబకాయానికీ, గర్భసంచి లోపలి పొరలో వచ్చే క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం గురించి ఈ ఏడాది విన్నదీ చదివినదీ హాలుకి రాలేకపోయిన వాళ్లకి కూడా అందాలి.

ఈ విషయాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో అధిక బరువో ఊబకాయమో ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద 24 శాతం. తెలంగాణలో 30, మన ఆంధ్రప్రదేశ్‌లో 36.

బరువు వల్ల ముప్పు పెరిగే క్యాన్సర్లు అయిదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో చెప్పింది. 2016కల్లా ఆ జాబితా 13కి చేరింది. రెండింటిలోనూ గర్భసంచి పొర క్యాన్సర్ ఉంది. పైగా ఆ 13లో బరువుతో అన్నిటికంటే గట్టి ముడి దీనిదే. బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 40 దాటినవాళ్లకి మామూలు బరువున్నవాళ్లతో పోలిస్తే ముప్పు సుమారు ఏడు రెట్లు.

"ముట్లుడిగిపోయాక ఇంకా హార్మోన్లు ఎక్కడివి డాక్టరుగారూ?" అని మనలో ఒక పెద్దావిడ అడిగారు. నన్నడిగితే ఈ ఏడాది మన సమావేశాల్లో వచ్చిన మంచి ప్రశ్న అదే. అండాశయాలు ఆగిపోయినా ఒంట్లోని కొవ్వు, ఆ పొరని పెంచే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌ని తయారుచేస్తూనే ఉంటుంది. దాన్ని అదుపులో పెట్టే ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ అప్పటికి ఉండదు. ఎరువు పడుతూనే ఉండి కోత ఎప్పుడూ జరగని మడిలా ఆ పొర మందమెక్కుతుంది. కొందరిలో అది క్యాన్సర్ దాకా వెళ్తుంది. పీసీఓడీతో (అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల సమస్య) నెలసరి నెలల తరబడి రాని అమ్మాయిల్లోనూ జరిగేది దాదాపు ఇదే.

ఈస్ట్రోజెన్ ఒక్కటే కారణం కాదని ఈమధ్య పరిశోధనలు చెబుతున్నాయి. 2022లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు, బరువు పెరిగే స్వభావాన్ని ఇచ్చే జన్యువుల ఆధారంగా సుమారు 1,20,000 మంది మహిళల సమాచారం పరిశీలించారు. బీఎంఐ 5 పాయింట్లు పెరిగితే ముప్పు 88 శాతం పెరుగుతుందని తేలింది. అయిదడుగుల ఒక అంగుళం ఎత్తున్న మనిషికి 5 పాయింట్లంటే 12 కిలోలు. ఇన్సులిన్, టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ల పాత్ర కూడా ఇందులో బయటపడింది. షుగరు ఉన్నవాళ్లు ఈ మాట కాస్త మనసులో పెట్టుకోండి.

మరి తగ్గితే? అమెరికాలో ముట్లుడిగిన 36,000 మందికి పైగా మహిళలను గమనించి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఉన్న బరువులో 5 శాతమో అంతకంటే ఎక్కువో తగ్గినవాళ్లలో ఈ క్యాన్సర్ సుమారు 29 శాతం తక్కువగా కనిపించింది. తగ్గడం వల్లే అని అలాంటి అధ్యయనం పూర్తిగా తేల్చలేదు, నిజమే. కానీ 80 కిలోల మనిషికి 5 శాతమంటే 4 కిలోలే. అది మన చేతిలో ఉన్న పనే.

"అంత భయమైతే ముందే గర్భసంచి తీయించేసుకుంటే పోలా?" అన్న ప్రశ్న ప్రతి సమావేశంలోనూ వచ్చింది. ఆ మాట వింటే నాకు టెన్షన్. 2015–16 సర్వేలో 15–49 ఏళ్లలోనే గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. క్యాన్సర్ పేరు చెబితే బెదిరిపోయి ఆపరేషన్‌కి ఒప్పుకున్నవాళ్లు మన వీధిలోనే ఉన్నారు. లావుగా ఉన్నవాళ్లలో కూడా ఎక్కువమందికి ఈ జబ్బు ఎప్పటికీ రాదు. లావు ఉందన్న ఒక్క కారణంతో గర్భసంచి తీయించుకోనక్కర్లేదు.

అశ్రద్ధ చేయకూడనిది ఒకటుంది. ముట్లుడిగాక ఒక్క చుక్క రక్తం కనిపించినా చూపించుకోవాలి. ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లలో దాదాపు 90 శాతం మందికి ముందుగా కనిపించేది అదే. మన సభ్యురాలొకరు చీరకి మరక చూసి "వేడి చేసిందిలే" అని మజ్జిగ తాగుతూ నెలలు గడిపారు. సమావేశంలో విన్నాక వెళ్లి స్కానింగ్, తర్వాత బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయించుకున్నారు. క్యాన్సర్ లేదు, పొర మందమెక్కింది. గర్భసంచిలో, పొరని అదుపులో పెట్టే హార్మోన్ లూప్ వేశారు, మళ్లీ పరీక్షకి రమ్మన్నారు. పేరు చెప్పకుండా రాయమని ఆవిడే అడిగారు. ఇంకో మాట, పాప్ స్మియర్ చేయించుకున్నాం కదా అనుకోకండి. అది గర్భసంచి ముఖద్వారానికి చేసే పరీక్ష, లోపలి పొర సంగతి దానివల్ల తెలియదు.

కొలతల రోజున అందరి ముందూ బరువు చూసుకోవడానికి చాలామంది సిగ్గుపడ్డారు. ఆ తూకం మిషన్ని స్టోర్ రూమ్‌లోకి మార్చి, పక్కన కుట్టు టేపు కూడా పెట్టి, ఒక్కొక్కరినే పంపాం. అప్పుడు లైను కట్టారు. నడుము 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని ఒక కాగితం మీద రాసి గోడకి అంటించాం. ఎవరి అంకె వాళ్లకే తెలుసు, మేం రిజిస్టర్లో రాయలేదు.

వచ్చే ఏడాది మొదటి సమావేశం ఉగాది తర్వాతి ఆదివారం సాయంత్రం, హాల్లోనే. ఈసారి విషయం పీసీఓడీ. కూతుళ్లనీ కోడళ్లనీ వెంట తీసుకురండి. చిన్నపిల్లలున్న తల్లుల కోసం పక్క గదిలో పిల్లల్ని చూసుకోవడానికి ఇద్దరు కావాలి. వీలైనవాళ్లు ఆఫీసు గదిలో పేరు ఇవ్వండి.

— కార్యదర్శి, మహిళా విభాగం